చిఱుమాటల పెద్దఱికము

(రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



సిద్దిపేట ప్రాంతమున చిన్నకోడూరు, పెద్దకోడూరు అని రెండు గ్రామములు కలవు. ఈ ప్రాంత మెఱుగని బాటసారి యెవడైన ఈ రెండు పేరులు వినినచో, పెద్దకోడూరు అధికారము చేయు స్థలమనియు, చిన్నకోడూరు దాని శివారు పల్లె యనియు తలచును. జరిగినది వేఱు. 1985లో మండలములు ఏర్పడినప్పుడు చిన్నకోడూరే మండలమునకు పేరును కేంద్రమును అయినది. పెద్దకోడూరు అందులోని యొక గ్రామముగా నిలిచినది. ఆనాటినుండి పెద్దది దరఖాస్తు పట్టుకొని చిన్నదాని కచేరికి పోవుచున్నది. పెద్దగుండవెల్లి, చిన్నగుండవెల్లి అను జంటయు ఈ జిల్లాలోనే కలదు. పొరుగున మెదకు జిల్లాలోని పెద్దశంకరంపేట, చిన్నశంకరంపేట రెండును మండలములే. ఒకటి వేఱొకదానికి లోబడినది కాదు. కావున పేరులోని 'చిన్న' అను మాటను గొలుసు వేసి కొలువ బూనినచో లెక్క కుదురదు. మఱి ఆ మాట దేనిని కొలుచును? నేడు విచారింపదగిన విషయ మిదియే.

ముందుగా ఇంటిలోనికి పోయి చూతము. తల్లి చెల్లెలు చిన్నమ్మ. ఆమె పెద్దమ్మకన్న జానెడు పొడవుగా నుండవచ్చును, ఇంటి పెత్తనమంతయు ఆమెదే కావచ్చును, అయినను చిన్నమ్మయే. తండ్రి తమ్ముడు చిన్నాయన. కొన్ని యిండ్లలో కాక. ఇచట చిన్న యనగా వెనుక పుట్టుట. ఇక బతుకమ్మ పండుగను చూడుడు. మొదటినాటి ఎంగిలిపూల బతుకమ్మను చిన్న బతుకమ్మ యనియు, కడపటినాటి సద్దుల బతుకమ్మను పెద్ద బతుకమ్మ యనియు అందురు. ఇంటిలో వెనుక వచ్చినది చిన్నది. పండుగలో ముందు వచ్చినది చిన్నది. ఒక మాటయే రెండు దిక్కులకు నడచుచున్నది. పెద్ద బతుకమ్మను పేర్చిన తాంబాళము ప్రక్కన మఱియొక చిన్నదానిని పేర్చు ఆచారమును కలదు. అది పరిమాణమునకు కాదు, తోడునకు.

నిజాము ప్రభుత్వపు దఫ్తరములలో చిన్న, పెద్ద అను తెలుగు మాటలకు బదులు ఖుర్దు, కలాన్ అను ఫారసీ మాటలు నడచెడివి. రంగారెడ్డి జిల్లాలో కొంగర ఖుర్దు, కొంగర కలాన్ అను గ్రామములు నేటికిని ఆ పేరులతోనే యున్నవి. ఖుర్దు చిన్నది, కలాన్ పెద్దది. ఫారసీ మాటలు దఫ్తరముతో ఆగక వంటయింటిలోనికిని వచ్చినవి. దేగు అనగా విందులకు వాడు పెద్ద పాత్ర. దానికి 'చా' చేర్చిన దేగ్చా, చిన్న పాత్ర. బాగు తోట, బగీచా చిన్నతోట. తెలంగాణములో పండితుడు మొదలు పసులకాపరి వఱకు పలుకు 'జర' అను మాటకు మూలము అరబ్బీ. ధూళికణ మని దాని అర్థము. కాని 'జర సాయం చెయ్యి' అని యడిగినవాడు తఱుచుగా పొద్దు గ్రుంకువఱకు పని చేయించుకొనును! ఇచట 'జర' పనిని తగ్గించుట లేదు. అడుగువాని మొగమాటమును తెలుపుచున్నది. 'జర కూసో' అన్నప్పుడు అది ఆదరమును తెలుపును. చిన్నతనమును తెలుపు మాట వస్తువును విడిచి మనస్సును పట్టుకొనుట ఇట్లుండును.

అచ్చతెనుగున ఈ పనికి పుట్టిన మాట 'చిఱు'. ఇది మాటకు ముందు చేరును: చిఱుగాలి, చిఱుజల్లు, చిఱుచెమట, చిఱుతిండి. అచ్చుతో మొదలగు మాటకు ముందు నిలిచినప్పుడు దాని 'ఱు' పోయి 'ట్ట' యగును. చిఱు, అడవి కలిసి చిట్టడవి. చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక. చిఱు, ఆముదము కలిసి చిట్టాముదము. బడిపిల్లలు ద్విరుక్తటకారసంధి యని వల్లించునది యిదియే. చిన్నయసూరి బాలవ్యాకరణమున దీనికి సూత్రము చేసెను. బడి గడప త్రొక్కని రైతును చిట్టెలుక యనియే యనును. సంధి పేరు తెలియనివానికిని సంధి తెలియును.

ఈ చిఱు శబ్దమున నున్నది బండి ఱ. దీర్ఘకాలమును తెలుపు సంస్కృత 'చిర' శబ్దమున నున్నది మామూలు ర. అచ్చుకూటములు బండి ఱను విడిచిన పిమ్మట రెండును ఒకే వేషమున కనబడుచున్నవి. అందువలన చిరంజీవి యనగా చిన్నవాడని కొందఱు తలచెదరు. ఆ మాటను పిన్నలకే వాడుట చేత ఆ భ్రమ బలపడుచున్నది. నిజమునకు అది చిరకాలము జీవింపుమను దీవెన. శుభలేఖలలో దానిని 'చి.' అని ముద్రింతురు. దీర్ఘాయువును కోరు మాటను ఒక్క అక్షరమునకు కుదించుట తెలుగువారి పొదుపు! ఉత్తరముపై వ్రాయు చిరునామాలోనిది మఱియొకటి. అది ఫారసీ సర్‌నామా. సర్ అనగా తల. ఉత్తరము తలపై వ్రాయునది తెలుగువారి నోట పడి చిఱు వేషము వేసినది. చిఱుతపులి మాత్రము నిజముగా చిఱుదే. పెద్దపులి ప్రక్కన నిలిపి పెట్టిన పేరు. అది మేకల మందలో పడినప్పుడు దాని చిన్నతనము కాపరికి తోపదు.

చిఱు చేరినంతమాత్రమున వస్తువు తగ్గునని చెప్పుటకు వీలులేదు. పెక్కుచోట్ల దాని జాతియే మాఱును. నవ్వులో నాలుగవ వంతు చిఱునవ్వు కాదు. పెద్దగా నవ్వలేక నవ్వునది గాదు, వేఱొక నవ్వు. గాలి తగ్గిన ఉక్కపోయును. చిఱుగాలి వీచిన హాయి. చిఱుధాన్యముల సంగతి ఇంకను విచిత్రము. కొఱ్ఱ, సామ గింజలు వరిగింజకన్న చిన్నవనుట కంటికి కనబడునదే. ఒకనాడు వరి పండని మెట్టవారి తిండిగా చిన్నచూపునకు లోనైన ఆ గింజల పేర ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ సంవత్సరముగా జరిపినది. పట్టణములలో వాని వెల బియ్యమును మించినది. గింజ పెరుగలేదు.

పండితులు ఒక్క చిఱు శబ్దముతో సరిపెట్టుకొనవచ్చును గాని, పనిచేయువారికి అది చాలదు. వారు ప్రతి పరిమాణమునకును వేఱు పేరు పెట్టుకొనిరి. కుమ్మరి వాములో గోలెము, కాగు, కడవ, కుండ, ముంత, గురిగి, ప్రమిద కలవు. గురిగిని 'చిన్నకుండ' యన్నచో కుమ్మరి నవ్వును. పారు నీటికి ఏఱు, వాగు, ఒఱ్ఱె. నిలిచిన నీటికి చెఱువు, కుంట. ఆవుదూడ లేగ, బఱ్ఱెదూడ దుడ్డె, ఏనుగు పిల్ల గున్న, పులి పిల్ల కూన, సింహపు పిల్ల కొదమ. ఉప్పు చిటికెడు, గింజలు పిడికెడు, పిండి చారెడు, నీళ్లు దోసెడు. కొలపాత్ర అక్కఱలేదు, చేయి చాలును. ఇసుమంత యన్న మాటలో ఇసుకరేణువున్నది, గోరంత యన్న మాటలో వ్రేలి కొనయున్నది.

లెక్కలు వ్రాయువారి చిన్నతనము మఱింత సూక్ష్మము. పాతికలో పాతిక వీసము, అనగా రూపాయిని పదునాఱు భాగములు చేసిన ఒక భాగము. వీసములో పాతిక కాణి, అనగా అఱువదినాలుగవ వంతు. నడుమ పరక యని ఎనిమిదవ వంతు. ఈ భిన్నములను వ్రాయుటకు పాత తెలుగు లెక్కలలో ప్రత్యేకమైన గుర్తులుండెడివి. కంప్యూటరులలో ప్రపంచ లిపులన్నిటికి స్థానమిచ్చు యూనికోడు పట్టికలో 2008లో ఆ గుర్తులకును చోటు దొరకినది. అప్పటికి వానిని వ్రాయువారు అరుదైరి. 'వీసమెత్తు విలువ లేదు' అను పలుకుబడి మాత్రము మిగిలినది. నేలకు వచ్చిన, నలుబది గుంటలు ఎకరము. గుంట 121 చదరపు గజములు. ఎకరములు పంచుకొన్నప్పుడు ఒప్పుకొన్న అన్నదమ్ములు గుంటల వద్ద కోర్టు కెక్కుదురు. తగవు ఎప్పుడును చిన్న కొలతలోనే యుండును.

ఇక సంస్కృతము. అల్ప, లఘు, సూక్ష్మ అను మూడు మాటలును చిన్నదనియే చెప్పును. కాని వాని గతులు వేఱు. అల్పుడన్న తిట్టు, సూక్ష్మబుద్ధి యన్న పొగడ్త, లఘువు నుండి పుట్టిన లాఘవము పనివాని చేతికి అలంకారము. ఒక అర్థముతో బయలుదేఱిన మూడు మాటలలో ఒకటి చెఱసాలకును, రెండు సభకును పోయినట్లున్నది.

పాణిని ఈ రహస్యమును కనిపెట్టెను. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయము మూడవ పాదమున చిన్నతనపు ప్రత్యయములను వరుసగా చెప్పెను. కుటి చిన్నదైన కుటీరము. శమి, అనగా దసరానాడు పూజించు జమ్మిచెట్టు, చిన్నదైన శమీరము. గోణి చిన్నదైన గోణీతరి. గుఱ్ఱపుతనము పలుచనైన అశ్వము అశ్వతరము, అనగా కంచరగాడిద. వీనికన్న ముఖ్యమైనది 'క' అను ప్రత్యయము. అది కొంచెమైన దానికి చేరును, పొట్టిదానికి చేరును. నీచమని తలచిన దానికిని అదియే చేరును. జాలిపడి ప్రేమతో పలుకునప్పుడును అదియే చేరును. అశ్వక యన్న పనికిరాని గుఱ్ఱము, పుత్రక యన్న ముద్దుబిడ్డ. అక్షరమొకటే. పాణిని తిరస్కారమునకు ఒక సూత్రము, అనుకంపకు ఒక సూత్రము వేఱువేఱుగా చేసెను. రూపమొకటియైనను మనస్సు వేఱని ఆ మహర్షి గుర్తించెను. నేటి ప్రసంగమునకు ఇదియే కీలకము.

ఆంగ్లభాషలోను ఈ కీలకమే తిరుగుచున్నది. ఆంగ్లమున చిన్నతనము తఱుచుగా మాట చివర చేరును. బుక్ పుస్తకము, బుక్‌లెట్ చిఱుపొత్తము. లీఫ్ ఆకు, లీఫ్‌లెట్ కరపత్రము. డక్ బాతు, డక్‌లింగ్ బాతుపిల్ల. చదువు రానివారును దినమున పదిమాఱులు ఇట్టి మాటలు పలుకుచున్నారు. సిగార్ అనగా చుట్ట. సిగరెట్టు ఫ్రెంచివారు చేసిన చిన్నచుట్ట. బీడా తాంబూలపు చుట్ట. దాని చిన్నరూపు బీడీ. దుబ్బాక ప్రాంతపు పల్లెలలో ఎందఱో ఆడవారు తునికాకు చుట్టి సంసారము లీడ్చిన ఆ బీడీయు, అంగడిలోని సిగరెట్టును అర్థమున తోబుట్టువులు. పాకెట్టు చిన్నసంచి, టాబ్లెట్టు చిన్నపలక, బుల్లెట్టు చిన్న ఉండ. ఆ పేరు మోటారుసైకిలుకు పెట్టిన పిదప దాని చిన్నతనము ఊరి పొలిమేర దాటినది! పెన్సిలు లాటిను భాషలో చిన్నతోక. మొదట చిత్రకారుని కుంచె పేరు. కాల్క్యులేటరు అను మాటకు మూలము చిన్న గులకరాయి. రోమనులు రాళ్లు పెట్టి లెక్క చేసెడివారు. లెక్క వ్రాయువారందఱును గులకరాళ్ల వారసులే.

డార్లింగ్ అను మాట సినిమాల ధర్మమా యని పల్లెకును వచ్చినది. డియర్ అనగా ప్రియము. దానికి 'లింగ్' చేరి ముద్దుమాట యైనది. అదే 'లింగ్' అండర్ అను మాటకు చేరి అండర్‌లింగ్ ఐనప్పుడు పైవాని కాళ్లవద్ద పడియుండు నౌకరని అర్థము. పాణిని 'క' ప్రత్యయమున చూచిన ముద్దును, తిరస్కారమును ఇచట 'లింగ్' అను ప్రత్యయమున కనబడుచున్నవి.

మినిస్టరు అను మాటను గూర్చి చెప్పక విడువరాదు. లాటిను భాషలో దానికి తక్కువవాడు, సేవకుడు అని అర్థము. మాజిస్ట్రేటు అను మాటకు మూలమైనది ఎక్కువవాడని చెప్పును. పదనిర్మాణమున మినిస్టరు చిన్న, మాజిస్ట్రేటు పెద్ద. ఊరేగింపుల నాడు ఈ సంగతి జ్ఞాపకముండుట కష్టము. ఇట్టి పేరు తెలుగువారికి క్రొత్త గాదు. తమిళదేశపు శివభక్తుడు చిఱుతొండడు కలడు. ఆయన పేరునకు చిఱుసేవకుడని అర్థము. సంప్రదాయము ఆయనను పల్లవరాజుల సేనానిగా చెప్పును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునను, శ్రీనాథుడు హరవిలాసమునను ఆయన కథ చెప్పిరి. సేనలను నడపినవాడు చిఱుసేవకుడని పిలిపించుకొనెను. చిన్నతనమును తానై తలపై పెట్టుకొన్న అది వినయము.

ఇతరులు దానిని ఒకని తలపై పెట్టినప్పుడేమగును? ఈ ప్రశ్నకు జవాబు తెలంగాణపు పల్లెలకు తెలిసినంతగా నిఘంటువులకు తెలియదు.

వేటకాడు, విలుకాడు, అందగాడు అను మాటలలోని కాడు, గాడు నేర్పును గాని కలిమిని గాని చెప్పును. అందకత్తె దానికి ఆడరూపు. అది వేఱు. మనుష్యుల పేరులకు చివర చేరు 'గాడు' వేఱు. తల్లి తన బిడ్డను బుజ్జిగాడన్నప్పుడు ఆ మాటలో పాలవాసన యుండును. చిన్ననాటి చెలికాండ్రు నెరసిన మీసములతోను ఒకరినొకరు అట్లు పిలుచుకొని సంతోషింతురు. కాని దొరల గడీల ముందు ఈ అక్షరములు చేసిన పని యేమి? మనుమలను ఎత్తుకొన్న మల్లయ్య 'మల్లిగా' అను పిలుపునకు 'నీ బాంచెన్ దొరా' యని పలుకవలసి వచ్చెడిది. పోచయ్య పోచిగాడు, ఎల్లయ్య ఎల్లిగాడు. ఆడవారి పేరు చివరనుండి 'అవ్వ' ఊడబెరుకబడి ఎల్లవ్వ ఎల్లి యగును. అదే గడీలో ఉయ్యెలలో నున్న పసివాడు చిన్నదొర! చిన్న అను మాట ముందు చేరి ఐదేండ్ల బాలుని దొరను చేసినది. గాడు అను మాట వెనుక చేరి అఱువదేండ్ల వృద్ధుని ఆ బాలునికన్న చిన్నవానిని చేసినది. ఏ గొలుసుతోను కొలువరాని చిన్నతనమిది.

ఈ విషయమున లెక్క వ్రాయు కలము నిర్దోషి యని చెప్పరాదు. 'చెవికి వినబడినట్లు వ్రాసితిమి' అను సమాధానము చెల్లదు. దొరవారి పేరు ఎన్నడును వినబడినంతలో వ్రాయబడలేదు. వినబడని గౌరవములు కూడ ముందు వెనుకల చేర్చి వ్రాయబడినవి. పేదవాని పేరు వద్ద మాత్రము సిరా పొదుపు చేయబడినది. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీరులు రద్దైనవి. వెట్టిచాకిరియు క్రమముగా తొలగినది. పిలుపు అంత శీఘ్రముగ తొలగలేదు. చట్టమునకు భూమి దొరకును, పన్ను దొరకును. నాలుక దొరకుట కష్టము. కొన్ని చోట్ల పిలుచువాడు మాఱినను పిలుపు మిగిలినది. అంతకన్న బాధకరమైనది, పేరడిగినప్పుడు వృద్ధులు కొందఱు తమ పేరును తామే కుదించి చెప్పుట. అది చిఱుతొండని వినయము కాదు, అలవాటు చేయబడిన భయము.

అట్లని 'గాడు'ను భాషనుండి వెడలగొట్టవలెనని యెవరును వాదింపరాదు. తల్లుల నోటినుండి ఆ మాటను లాగికొనుట పాపము. పరీక్ష యొకటి చాలును. పిలువబడినవాడు పిలిచినవానిని అదే రూపమున తిరిగి పిలువగలడా? పిలువగలిగిన అది చెలిమి. పసివాడు తిరిగి పిలువలేకపోయినను తల్లి జుట్టు పట్టుకొని లాగగలడు గనుక వాని లెక్కయు సరిపోయినది. మల్లయ్య తిరిగి పిలువగలిగెడివాడా?

గ్రంథాలయమునకు ఈ ప్రసంగముతో సంబంధమేమని యడుగువారుండవచ్చును. గ్రంథాలయమున పుస్తకముల పట్టీ ఒకటి, చందాదారుల పట్టీ ఒకటి యుండును. మొదటిదానిని అందఱును చూతురు. రెండవదానిని ఎవరును చూడరు. ఇరువదియైదు సంవత్సరములు నిండి క్రొత్త పట్టీ తెఱచునప్పుడు ఆ రెండవదానిని గూర్చి కొన్ని సూచనలు కార్యవర్గమువారి యెదుట ఉంచబడుచున్నవి. చందాదారుని పేరు అయ్యతోను, అవ్వతోను, ఇంటిపేరుతోను పూర్తిగా వ్రాయవలెను. ఎవరైన తమ పేరును కుదించి చెప్పినచో, వ్రాయువాడు కలము ఆపి, పూర్తి పేరేమని రెండవమాఱు అడుగవలెను, తొందరయున్నను అడుగవలెను. పుస్తకము తీసికొనుటకు వచ్చినవారిని పట్టీలోని పేరుతోనే పిలువవలెను. పిల్లల అలమార వద్ద మాత్రము ఈ కట్టుబాటు సడలింపవచ్చును. చిట్టి, బుజ్జి, చిన్ని యని పిలిచిననే అచటి పాఠకులు పలుకుదురు. వారి బడిపేరు పట్టీలో నుండిన చాలును, దాని ముందు 'చి.' అని వ్రాయుట మఱువరాదు.